జేబులో నురగ

ఏరు పొంగి ఇళ్ళ కిటికీల దాకా వచ్చిపోయిన రెండో ఏడు, సెలవుల్లో ఆఖరి రోజున, పేరుమోసిన బీరు ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళిన రొట్టెలాయన, అందరూ అటు తిరిగి ఉండగా కమ్మీల మీదుగా వంగి, బీరు పులుస్తున్న తొట్టిలో జేబురుమాలు ముంచాడు. నురగ పట్టినంత పట్టించి, పిండకుండా మడిచి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు.

పక్కనున్న భార్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇదేం పనండీ? చూశారంటే తోలు తీస్తారు!"

"నోర్మూసుకుని నడు."

వరదలో అతని తండ్రినాటి పులుపు ముద్ద కొట్టుకుపోయింది. రోజూ కొంత వాడి, కొంత మిగిల్చి, దానికే పిండి కలిపి, రొట్టె పొంగడానికని సాకుతూ వచ్చిన ముద్ద. అది పోయాక కొన్న ఈస్టుతో రొట్టె పొంగుతోంది గానీ ఆ రుచి లేదు. గిరాకీ అంతా ఎదురు కొట్టుకు మళ్ళింది. ఈ ఫ్యాక్టరీ నురగలో ఉండే ఈస్టు తాతలనాటిదనీ, మచ్చుకైనా బయటికి పోనివ్వరనీ పేరు. అది చేతికొస్తే పొయ్యి నిలుస్తుంది. లేకపోతే కొట్టు మూసుకోవడమే.

గేటు మనిషి ఒక్కొక్కరినే బయటికి పంపుతూ రొట్టెలాయన దగ్గర ఆగాడు. ప్యాంటు మీద తడి మోకాలి దాకా దిగింది.

"ఏంటిది?"

రొట్టెలాయన జేబును అరచేత్తో కప్పుకున్నాడు. భార్యే అందుకుంది.

"పెద్ద వయసు కదా బాబూ. ఆపుకోలేరు."

గేటు మనిషి జాలిపడి తల తిప్పుకున్నాడు.

"ఆగు," అని వెనక నుంచి వినిపించింది. తెల్లకోటు ముసలాయన. అక్కడ బీరు కాచే పెద్ద మేస్త్రీ ఆయనే. దగ్గరికొచ్చి ఒకసారి గాలి పీల్చాడు.

"దానికి నురగ రాదమ్మా," అన్నాడు ఆవిడతో. రొట్టెలాయన వైపు తిరిగాడు. "నువ్వేం పని చేస్తావయ్యా?"

"టైలర్నండి."

లోపలికి వచ్చేటప్పుడూ అదే చెప్పాడు. రొట్టెలు చేసేవాళ్ళను తొట్ల దగ్గరికి రానివ్వరు. వాళ్ళ ఒంటి మీది ఈస్టు ఎగిరి బీరులో పడుతుందని భయం.

"మంచిదే. నా కోటు గుండీ ఊడేలా ఉంది. రా, కుట్టిపెట్టు."

ఇద్దర్నీ తన గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టాడు. సొరుగులోంచి సూదీ దారం తీసి బల్ల మీద పెట్టాడు. రొట్టెలాయన దారం కొస నోట్లో తడిపాడు. బెజ్జం అందలేదు. మళ్ళీ తడిపాడు. పొయ్యి దగ్గర కాలికాలి మొద్దుబారిన వేళ్ళకు సూది ఆనలేదు.

"ఇటివ్వండి, నేనెక్కిస్తా," భార్య చెయ్యి చాపింది. "ఇంటి దగ్గర కూడా ఎక్కించేది నేనేనయ్యా."

"నువ్వుండమ్మా."

సూది కింద పడింది.

"జేబులోది తియ్యి," అన్నాడు పెద్ద మేస్త్రీ.

రొట్టెలాయన రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందయ్యా. రొట్టెలు కాల్చుకుని బతికేవాణ్ణి. ఏటి వరదలో నా పులుపు ముద్ద పోయింది. పోలీసులకు మాత్రం పట్టించకండి."

"ముంచమన్నది నేనేనయ్యా," అంది భార్య. "రాసుకుంటే నా పేరు రాసుకోండి."

పెద్ద మేస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు. రుమాలును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన నుదుటికి చెమట పట్టింది.

"దీన్ని ఎక్కడైనా పరీక్షకు పంపుతావా?"

"పరీక్షా? నాకెందుకయ్యా! పిండిలో కలుపుకుంటాను."

"ఒట్టు?"

"నా పొయ్యి మీద ఒట్టు."

ముసలాయన లేచి గోడ అలమర తెరిచాడు. అడుగు నుంచి పై దాకా పచ్చ పొట్లాలు. రొట్టెలాయన కళ్ళు నులుముకుని చూశాడు. కిరాణా కొట్లో తను రోజూ కొనే ఈస్టు పొట్లాలే.

"ఏరు మీ ఇళ్ళకే వచ్చిందనుకున్నావా? మా నేలమాళిగ నిండిపోయింది. తాతలనాటిదంతా అప్పుడే పోయింది. ఇప్పుడు తొట్లలో వేసేది ఇదే." ఆయన గొంతు తగ్గించాడు. "నిన్ను పట్టిస్తే వాళ్ళు ఈ రుమాలు పరీక్షకు పంపుతారు. నీకు జైలు, మాకు తాళం. పొట్లం సంగతి ఎక్కడా అనకు. వెళ్ళిరా."

మర్నాడు పొద్దున్నే రొట్టెలాయన ఎప్పటి పొట్లమే చింపి, ఎప్పటిలాగే పిండి కలిపి పొయ్యిలో పెట్టి, ఆనక సుద్దముక్క తీసుకుని కొట్టు ముందు పలక మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "పేరుమోసిన బీరు ఫ్యాక్టరీ వాడే ఈస్టుతో చేసిన రొట్టె, మా దగ్గర మాత్రమే."