మునిగిన రేవు

"ఏడుపుగొట్టు బొమ్మ వద్దు నాయనా," అంది ముసలామె, కుర్చీలో సర్దుకుంటూ. "మా ఏరు మమ్మల్నెప్పుడూ ఏడిపించలేదు. ఏడిపించింది ఆనకట్ట."

డ్రాయింగు మాస్టారు తల ఊపాడు.

ఆనకట్ట వెనక నీళ్లలో ఆమె ఊరు మునిగి నలభై ఏళ్లు. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. పోయేలోపు ఊరి రేవును మళ్లీ చూడాలని ఆమె పంతం.

"వారం రోజులుగా ఒకటే పోరు మాస్టారూ," అంది వెంట వచ్చిన కోడలు.

మాస్టారు తప్పించుకోజూశాడు. చెయ్యి వణుకుతోందన్నాడు. చూపు ఆనడం లేదన్నాడు. కోడలు వదల్లేదు.

చివరికి మెత్తని పెన్సిలు పక్కన పెట్టి, గట్టిది అందుకున్నాడు. ముదురు నీడలు లేకుండా, పొద్దుటి ఎండ పడ్డట్టు ఏటిని పల్చగా గీశాడు.

"మా ఇల్లు మధ్యలో పెద్దగా వెయ్యి."

"మధ్యలో ఏరు ఉండనివ్వండమ్మా. ఇల్లు పైన, ఎడమ పక్కకి. చూపు రేవు దగ్గర మొదలై, బాట వెంబడి మీ ఇంటికి ఎక్కుతుంది."

"అంతేలే. బిందె ఎత్తుకుని నేనూ అలాగే ఎక్కేదాన్ని."

ఆమె ముఖం కనబడకుండా అతను కాగితం మీదికి ఇంకా వంగాడు.

గంట గడిచింది. ఆమె చెప్పడం ఆపేసి చూస్తూ కూర్చుంది. పెన్సిలు మాత్రం ఆగలేదు. ఏటి మీదికి ఒరిగిన చెట్టు, బట్టలుతికే బండ, రేవు మెట్లు.

ఉన్నట్టుండి ఆమె ముందుకు వంగింది. "మూడో మెట్టు విరిగిందని నేను చెప్పలేదే?"

"పాత రేవుల్లో ఏదో ఒక మెట్టు విరిగే ఉంటుంది కదమ్మా."

"నువ్వు మా వైపు వాడివేనా నాయనా?"

"కాదమ్మా." అంటూనే రబ్బరు కోసం సొరుగంతా వెతికాడు. రబ్బరు బల్ల మీదే, ఎదురుగానే ఉంది.

బొమ్మ పూర్తయింది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది. వేలితో బాట వెంట మెల్లగా ఎక్కి, ఇంటి దగ్గర ఆగింది.

"దేవుడిలా దొరికావు," అంటూ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

ఊరు మునగడానికి రెండేళ్ల ముందు, కుర్ర సర్వేయరుగా వచ్చి, నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో కొలిచి, ఆమె ఇంటి గోడ మీద ఎర్రరంగు గీత గీసినవి ఆ చేతులే.