వాగవతలి పేరు

"నా పేరు ఆవర్‌బెక్" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

గెసీనా చేతిలోని పాలకుండ కింద పెట్టింది. జర్మనీలోని ఆ రావెన్స్‌బెర్గ్ సీమ మొత్తంలో ఆ పేరున్న పొలం ఒక్కటే. అది ఆమెది.

తల్లి పోయి నెల కాలేదు. పొలం చేతికొచ్చిందన్న వార్త ఊళ్ళో ఇంకా పాతబడనేలేదు. అప్పుడే ఒకడు ఆ పేరు చెప్పుకుంటూ దిగాడు.

ఆ సీమలో పొలం చిన్నకొడుక్కే దక్కుతుంది. తాతగారి అన్న అందుకే అలిగి వెళ్ళిపోయాడట. ఆయన సంతానం ఎప్పుడో ఒకప్పుడు వాటాకు వస్తుందని తల్లి జీవితమంతా భయపడింది. ఆ భయాన్ని కూడా పొలంతో పాటే కూతురికి అప్పగించి పోయింది.

ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగింది గెసీనా. చాలా దూరం నుంచి అన్నాడు.

ఆయన బూట్లు తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. కళ్ళు మాత్రం కొట్టాన్నీ బావినీ కొత్తగా కప్పిన గడ్డినీ కొలుస్తున్నట్టు తిరుగుతున్నాయి.

ఇంటి పెద్దావిడ ఉన్నారా అన్నాడు. పోయిందని చెప్పగానే టోపీ తీసి, తల దించుకున్నాడు.

దారికి అడ్డం తొలగిందని లెక్కలు వేసుకుంటున్నాడు అనుకుంది గెసీనా.

"నీకు అన్నదమ్ములున్నారా, తల్లీ?"

ఇంకేం, అసలు విషయానికి వచ్చాడు.

"ముందు ఆ పేరుకు అర్థం చెప్పండి చూద్దాం."

"వాగవతల అని. ఇల్లు వాగుకు అవతల ఉంది కదా."

"అది మా పిల్లినడిగినా చెబుతుంది. ఆ పేరుతోనే పుట్టారా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. నాకది తర్వాత వచ్చింది."

గెసీనా గుండె తేలికపడింది. రక్తసంబంధం లేదని తన నోటితోనే ఒప్పుకున్నాడు.

"అంటే దొంగపేరన్నమాట. మర్యాదగా వెళ్తావా, కుక్కను వదలనా?"

పొలం తనకు వద్దన్నాడు. ఒక్కసారి ఇల్లు లోపల చూసి వెళ్ళిపోతానన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె గొలుసు విప్పింది. కుక్క వాగు దాకా తరిమింది. ఆయన అవతలి ఒడ్డుకు చేరాక ఆగి, ఆమెనే కాసేపు చూసి, రోడ్డెక్కాడు.

సాయంత్రం భర్త యోబ్‌స్ట్ పొలం నుంచి రాగానే గెసీనా తన గెలుపంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అతను మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"తర్వాత వచ్చిందన్నాడా? అదే మాటా?"

"అదే మాట. దొంగని తెలియడానికి ఇంకేం కావాలి?"

"నేను మాత్రం ఆవర్‌బెక్‌గా పుట్టానా? మోలర్ వాళ్ళ కొడుకుని. ఇల్లరికం వచ్చిన రోజే కదా నాకు మీ పేరు వచ్చింది. మన దగ్గర పేరు పొలానిది, మనిషిది కాదు. ఇక్కడ పుట్టనివాడికి అది రావాలంటే ఈ ఇంటి ఆడపిల్లను కట్టుకోవాలి, గెసీనా."



ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్న ఆడపిల్లలు ఆ ఇంట్లో ఇద్దరే. ఒకరు తను. రెండోది తన తల్లి.

గెసీనా వాగు దాకా పరుగెత్తింది. అవతల రోడ్డు ఖాళీగా ఉంది.

తను ఉయ్యాలలో ఉండగా నెపోలియన్ సైన్యం వెంట రష్యా వెళ్ళి, ఆ మంచులోనే పోయాడని ఊరంతా నమ్మిన తండ్రిని ఆమె కుక్కను ఉసిగొల్పి వాగు దాటించింది.