మూడు నిమిషాల నిష్ఠ

"రేపు పందెంల ఆ మాంసం ముక్కను ఏ కుక్క ముట్టినా, దాన్ని అటే ఎవలకన్న ఇచ్చి రా శివా. మల్ల ఈ వాకిట్లకు తేవద్దు," అన్నది మహాదేవమ్మ కొడుకుతో.

ఆ మాట ఆమె తన తమ్ముడు రేవణసిద్ధప్ప ముందర అన్నది. తమ్ముడి ముందర అన్న మాట ఆమె వెనక్కి తీసుకోదు. ఆయన పొద్దున్నే న్యాల్‌కల్ నుంచి బస్సు దిగింది ఆ మాట అనిపించడానికేనని శివకుమార్‌కు తెలుసు.

"లింగం కట్టుకొని నీసు ముట్టని ఇంట్ల కుక్కలు. ఒకటి గాదు, రెండు," అన్నాడు రేవణసిద్ధప్ప. "వాటికొక పందెం. ఆ పందెంల మాంసం. మనోళ్ళు నన్ను అడుగుతున్నరక్కా, నేనేం చెప్పాలె?"

"తినుడు గాదు మామా, తినకుండ కూసునుడే పందెం," అన్నాడు శివకుమార్. "ముందర పెడతరు. మూడు నిమిషాలు ముట్టకుంటే గెలిచినట్టు."

"కూసుంటయా మరి?"

శివకుమార్ పీటర్ వైపు చూశాడు. పీటర్ మిలిటరీలో కుక్కలకు శిక్షణ ఇచ్చి వచ్చినవాడు, ఇప్పుడు వీళ్ళ జీపు నడుపుతాడు. నాలుగు నెలలుగా ఈ రెండు స్పానియల్ కుక్కపిల్లలకు పాఠాలు చెబుతున్నది ఆయనే. జిమ్మి, జూలి. చెవులు నేలకు రాస్తుంటాయి. పిలిస్తే వస్తాయి, బంతి విసిరితే తెస్తాయి. తిండి ముందర పెడితే మాత్రం ఎవరి మాటా వినవు.

"చూపియ్యి మరి. నేను గూడ చూస్త," అన్నాడు రేవణసిద్ధప్ప.

పీటర్ రెండింటినీ కూర్చోబెట్టి, చెరొక జొన్నరొట్టె ముందర పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిది అనేసరికి జూలి రెండు రొట్టెలూ మింగింది. జిమ్మి రొట్టె పోయిన కోపమంతా రేవణసిద్ధప్ప మీద చూపించి, ఆయన ఎడమకాలి చెప్పు నోట కరుచుకొని అల్లం చేనులోకి ఉరికింది.

రేవణసిద్ధప్ప ఒంటి చెప్పుతో నిలబడి, "రొట్టెకే ఇట్లుంటే మాంసానికి ఎట్లుంటది? నేను గూడ వస్త రేపు. నా కండ్లతోని చూస్త," అన్నాడు.

మహాదేవమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

తెల్లారి జీపు సికింద్రాబాద్ దారి పట్టింది. సదాశివపేటలో చాయ్‌కి ఆగారు. మాంసం వండే హోటల్లో కాలు పెట్టనని రేవణసిద్ధప్ప జీపులోనే కూర్చున్నాడు. శివకుమార్ చాయ్ ముందర పెట్టుకొని గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. పీటర్ మాత్రం, "వీటి కాళ్ళు సాగదీయించుకొని వస్త సార్," అని రెండింటినీ హోటల్ వెనక్కి తీసుకుపోయి, అరగంటకు తెచ్చాడు.

మైదానంలో తాళ్ళు కట్టి ఉన్నాయి. జడ్జి మీసాల పెద్దమనిషి, మెడలో విజిల్. ముందు ఒక అల్సేషియన్ వచ్చింది. దాని యజమాని ఇంకా పక్కకు పోనేలేదు, అది ప్లేటు నాకేసింది. తర్వాతది ఒక నిమిషం ఓర్చుకొని తిన్నది.

శివకుమార్ వంతు వచ్చింది. పందెం నియమం ఏమిటంటే, యజమాని ఇరవై అడుగులు నడిచి, కుక్కలకు వీపు పెట్టి నిలబడాలి. తిరిగి చూడకూడదు. అతనికి ఎదురుగా తాడు అవతల రేవణసిద్ధప్ప నిలబడి ఉన్నాడు. వెనక ఏం జరుగుతున్నదో ఆయన ముఖంలోనే చూసుకోవాలి.

మొదట ఆయన ముఖంలో నవ్వు సిద్ధంగా ఉంది. ఒక నిమిషం గడిచింది. నవ్వు అట్లనే ఆగిపోయింది. రెండో నిమిషానికి మెడ ముందుకు చాచాడు. ఇంకాసేపటికి నోరు తెరిచాడు. కుక్కలు తిన్నాయనే అనుకున్నాడు శివకుమార్.

విజిల్ మోగింది. తిరిగి చూశాడు.

రెండు ప్లేట్లలో ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. జిమ్మి సగం కళ్ళు మూసుకొని కూర్చుంది. జూలి ప్లేటు పక్కన గడ్డం ఆనించి నిద్రపోతున్నది.

"ఇరవై ఏండ్లల్ల ఇంత నిగ్రహం చూడలేదు," అని జడ్జి అతని చేతిలో కప్పు పెట్టాడు.

తిరుగు దారిలో మాట్లాడింది రేవణసిద్ధప్ప ఒక్కడే. "ఊర్కెనే వచ్చిందా అది? ఎవలింటి రొట్టె తిని పెరిగినయి? అల్సేషియన్ నీ అంత ఎత్తుంది, ఏం లాభం? ఇంటి నడత లేదు దానికి." జిమ్మి ఆయన ఒళ్ళో తల పెట్టింది. ఆయన తీయలేదు.

జీపు వాకిట్లో ఆగేసరికి మహాదేవమ్మ గడపలో నిలబడి ఉంది. కప్పు వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూసింది.

"ముట్టినయా?"

"మూతి గూడ పెట్టలేదక్కా. ఇగ మనోళ్ళు ఎవలన్న అడిగితే నేను చెప్పుకుంట."

"ఐతే ఉండనియ్యి," అని ఆమె లోపలికి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, "వాటికి ఈ పూట నీళ్ళు చాలు," అన్నది.

శివకుమార్ పీటర్‌ను జీపు వెనక్కి పిలిచాడు. "నిజం చెప్పు. నాలుగు నెలలల్ల పది లెక్క దాటలేదు అవి. ఇయ్యాల ఎట్ల కూసున్నయి?"

పీటర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సదాశివపేటల హోటల్ వెనక కడుపునిండ మటన్ పెట్టిన సార్. ఇంక తినబుద్ధి ఎక్కడిది?"

శివకుమార్ ఇంటి వైపు భయంగా చూశాడు. "నీకు దిమాగ్ ఉన్నదా పీటర్? అమ్మకు తెలిస్తే కుక్కలతోపాటు మనిద్దరం గూడ బయటనే."

"నేను అరకిలో చాలనుకున్న సార్," అన్నాడు పీటర్. "నిన్న వంటింటి వెనకకు పిలిచి, చెరొక కిలో పెట్టు, ఊపిరాడకుండ తినాలె అని చెప్పింది అమ్మనే."