సుద్దముక్క బండి

"ఆగు! గోడలోంచి నడిచావు. రెండు మార్కులు కట్!"

రెండు చేతుల్లో కాఫీ కప్పులతో వస్తున్న ఆవిడ ఒంటికాలి మీద ఆగిపోయింది. కిందికి చూస్తే హాలు మధ్యలో సుద్దముక్కతో గీసిన తెల్లగీత.

"ఇది గోడా?"

"మరి? తలుపు అటు, సోఫా పక్కన."

"గోడ సరే, నా గోడు మాటేమిటండీ? చేతులు కాలుతున్నాయి."

"గోడుకి మార్కుల్లేవు."

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నలభై ఏళ్లు లెక్కలు చెబుతూ, ఎవరినీ లెక్కచేయకుండా బతికారు. పడక, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉండే మోటర్‌హోమ్ కొని, భార్యతో దేశమంతా తిరగాలని ఈమధ్యే ఆయనకు ముచ్చట పుట్టింది. షోరూమువాళ్లు మంచి సలహానే ఇచ్చారు: "కొనేముందు బండి కొలతలు ఇంట్లో గీసుకుని, రెండ్రోజులు ఆ గీతల మధ్యే ఉండి చూడండి." బండిని పరీక్షించుకోమని వాళ్ల ఉద్దేశం. మాస్టారికి మాత్రం పరీక్ష అన్న ముక్కే వినపడింది. పరీక్షంటే రాసేది ఎదుటివాళ్లు, దిద్దేది తను. అందుకే శనివారం పొద్దున్నే ఇరవై అడుగుల బండి గీసి, భార్యని అందులో ఎక్కించి, ఎర్రసిరా పెన్ను చేతపట్టారు. ఆదివారం సాయంత్రానికి ఆవిడకి ముప్పై అయిదు వస్తే సోమవారం అడ్వాన్సు. రాకపోతే బండీ లేదు, ప్రయాణమూ లేదు.

ప్రయాణం ఆవిడకీ కావాలి. ఊరూరా తిరిగే ఆసుపత్రి వ్యానులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. డ్రైవరు డుమ్మా కొట్టిన రోజుల్లో స్టీరింగూ తనే పట్టేది.

"అన్ని ఊళ్లు తిరిగాను కానీ ఒక్క ఊరూ చూడలేదండీ," అందావిడ. "కిటికీలోంచి ఎప్పుడు చూసినా దగ్గేవాళ్ల క్యూనే. ఇప్పుడైనా సముద్రం పక్కన బండి ఆపి, ఎవరికీ సూది గుచ్చకుండా ఓ పూట కూర్చోవాలి."

"ముందు పాసవ్వు."

ఆవిడ గీతల మధ్య ఓ చుట్టు తిరిగింది. "ఇందులో నా అల్మరా ఏదీ?"

"అల్మరానా! ఇది బండి, బట్టల కొట్టు కాదు. నీకో సంచీ చాలు."

"మరి ముందు ఈ మైదానం ఏమిటి?"

"నా సీటు. వెనక్కి వాలుతుంది, కాళ్లు చాపుకోవచ్చు."

"పడుకుని నడుపుతారా?"

"నడిపేది నువ్వు, నడిపించేది నేను. దారి చెప్పేవాడికి నడుం నిలవొద్దూ?"

"మీ సీటు కాస్త కుదిస్తే నా అల్మరా..."

"మైనస్ మూడు!"

ఆవిడ పాత డ్యూటీ నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. తను చెప్పినవి నోట్సు రాసుకుంటోందని మురిసిపోయి, మాస్టారు ఉదారంగా ఒక మార్కు కలిపారు.

రెండ్రోజులకి నాలుగు బకెట్ల నీళ్లని నియమం. మాస్టారి గడ్డానికో బకెట్టు, స్నానానికి రెండు. మిగిలిన ఒక్కదాంట్లోనే ఆవిడ వంట చేసింది, గిన్నెలు కడిగింది, చెంబెడు నీళ్లు, ఓ తడిగుడ్డతో స్నానమూ కానిచ్చింది. బకెట్టులో ఇంకా అడుగున నాలుగు చెంబులు మిగిల్చింది. మధ్యాహ్నం మాస్టారు పడక పరిచారు. పడక పరిస్తే బల్ల ఉండదు, అందుకని ఆవిడ నిలబడి భోంచేసింది. ఆయన గురక మొదలెట్టారు.

"ఈ గురక బయటికి పోవడానికి కిటికీ ఎటు గీశారండీ?" అని లేపి మరీ అడిగింది.

"వెటకారానికి మైనస్ అయిదు."

కాసేపటికి మాస్టారు పేపరు కోసం గోడలోంచి దర్జాగా దూసుకుపోయారు.

"అయ్యో, గోడ!"

"నాకది కిటికీ."

ఆవిడ మళ్లీ ఏదో రాసుకుంది.

సాయంత్రం తలుపులోంచే బయటికెళ్లింది. నెల్లాళ్లుగా రోజూ గంటసేపు వాకింగ్‌కి వెళుతోంది. తిరిగొచ్చేసరికి అరచేతిలో నల్లటి గ్రీజు మరక.

"నడిచేది కాళ్లతో కదా? మరక చేతికెలా వచ్చింది?"

"పక్కవీధి మెకానిక్ షెడ్డు గేటు పట్టుకున్నానండీ."

"మరకకి సబ్బు, సబ్బుకి నీళ్లు. మరకలకి మార్కులు కట్!"

ఆదివారం సాయంత్రం ఫలితాలు వెలువడ్డాయి. ఆమోదించేవాళ్లు, ప్రకటించేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు అందరూ మాస్టారే.

"నూటికి ఇరవై ఎనిమిది. బండి జీవితం నీకు పడదోయ్. సర్దుకుపోయే గుణం లేదు. నీ మూలంగా అడ్వాన్సు రద్దు. నా కల నేలపాలు."

"మీ కల మొదట్నించీ నేల మీదే ఉందిగా మాస్టారూ, సుద్దముక్కతో."

"చూశావా, ఆ నోరే! వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష పెడతాను. కష్టపడి చదువు."

"మీరెలా అంటే అలాగే. వాకింగ్‌కి వెళ్లొస్తాను."

ఆవిడ తలుపులోంచి బుద్ధిగా బయటికి నడిచింది. ఆ క్రమశిక్షణకి అరమార్కు ఇద్దామా వద్దా అని మాస్టారు వాలుకుర్చీలో వాలి ఆలోచిస్తూ, గురకలో పడ్డారు.

పక్కవీధి షెడ్డులో, కొత్తగా పడక, పొయ్యి బిగించిన ఓ పాత వ్యాను కిందనించి మెకానిక్ తల బయటపెట్టాడు.

"రండక్కా. శని, ఆదివారాలు చూసి ఏ సంగతీ చెప్తానన్నారు. ఏం తేలింది?"

ఆవిడ నోటుబుక్కు తెరిచి, రెండ్రోజుల రాతల కింద నిదానంగా ఒక గీత గీసింది.

"నా బండిలో మా ఆయన సీటు పీకేసి, అల్మరా బిగించు."