చదివి వినిపించని సాక్ష్యం

ముప్పై ఏళ్లు కోర్టులో సాక్ష్యాలు రాసిన గుమాస్తా, రిటైరయ్యాక పాత హత్య కేసులను నవలలుగా రాస్తోంది. ఈసారి చేతికొచ్చింది నూరేళ్ల నాటి కేసు. యజమానికి విషం పెట్టిందని ఒక వంటమనిషిని ఉరి తీశారు. సాక్షి ఆమె ఏడేళ్ల కూతురే. సాక్ష్యం రాశాక సాక్షికి చదివి వినిపించి, ఔనంటేనే కింద వేలిముద్ర వేయించాలి. ఆ పిల్ల కాగితం కింద మాత్రం ఖాళీ. ఆనాటి గుమాస్తా ఎవరో గాని, భోజనం వేళకు తొందరపడ్డట్టున్నాడు.

రాత్రి ఊరు మాటుమణిగాక ఆ పిల్ల సాక్ష్యం ఉన్న అధ్యాయం పూర్తయింది. అలవాటు ఊరుకోదు కదా, ఆమె రాసినదంతా పైకి చదివి, ఎదుటి ఖాళీ కుర్చీ వంక చూసింది.

"సరిగ్గానే రాశానా తల్లీ?"

తన మాటకు తనకే నవ్వొచ్చింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. ముందుగదిలో బల్ల మీది పాత ఇంకుప్యాడు మూత టక్కుమంది. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చి చూస్తే తను రాసిన కాగితం కింద ముద్ర లేదు. "మా అమ్మే విషం కలిపింది" అన్న వాక్యం మీద మాత్రం చిన్న చిన్న వేలి మరకలున్నాయి, చెరపబోయి అలికేసినట్టు. మరకలింకా తడిగా ఉన్నాయి. ప్యాడు ఎండిపోయి ఏళ్లయింది.

ఆమె కూర్చుని, ఆ వాక్యం కొట్టేసి, కొత్త కాగితం తీసుకుంది.

"చెప్పమ్మా. ఈసారి నువ్వు చెప్పిందే రాస్తాను."

ఎదుటి కుర్చీ కిర్రుమంది. నేలకందని కాళ్లు ఊగుతున్నట్టు, ఆగి ఆగి, కిర్రుమంటూనే ఉంది.