ఒక్కడైనా దండం పెడితే

"థూ!"

ఉమ్మి సరిగ్గా సమాధి రాతి మీద పేరు దగ్గర పడింది. మెంగ్ గ్వాంగ్‌ఫుకి ఒళ్ళు మండిపోయింది. చేతిలో తడిగుడ్డతో రాతి వెనకనుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

"ఏమ్మా, చదువుకున్నదానిలా ఉన్నావు. ఎవరి మీద ఉమ్ముతున్నావో తెలుసా?"

ఆ అమ్మాయి బెదరలేదు. ఫోను రాతికి ఎదురుగా పట్టుకుని ఫొటో తీసుకుంటోంది.

"తెలియకేం తాతా! మెంగ్ బోలిన్. శత్రువులకి కోట తలుపులు తీసిన మంత్రి. బళ్ళో చదువుకున్నాంగా."

"ఆ మెంగ్ బోలిన్ వేరు, ఈ మెంగ్ బోలిన్ వేరు తల్లీ! ఆ దరిద్రుడు పోయిన నాలుగు వందల ఏళ్ళకి పుట్టాడు ఈయన. మా పూర్వీకుడు. ఇక్కడ అధికారిగా ఉండి, నది ఊళ్ళ మీద పడకుండా కరకట్ట కట్టించాడు. ఇప్పుడు నీ కారు వచ్చింది ఆ కట్ట మీదనుంచే!"

"ద్రోహి మనవలు అంతకంటే ఏం చెప్తార్లే," అందా పిల్ల. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వి, తన వంతు తనూ ఉమ్మేసి, ఆమె వెంట వెళ్ళిపోయాడు.

గ్వాంగ్‌ఫు తిట్టుకుంటూ రాయి తుడిచాడు. కిందటేడు ఎవడో పనీపాటా లేనివాడు ఈ రాతిని వీడియో తీసి ఫోన్లో పెట్టాడు. అప్పట్నుంచీ ఇదే గోల. నిజం రాసి బోర్డు పెడితే, ఏ దొంగైనా తను దొంగనని ఒప్పుకుంటాడా అంటూ దాన్ని పీకి కాలవలో పారేశారు. ఇవాళ ఛింగ్‌మింగ్ పండగ. దేశమంతా పెద్దల సమాధులు కడిగి దండాలు పెట్టుకుంటోంది. ఈయనకేమో ఉమ్ములు!

"అయిందా బావా నీ ఉపన్యాసం?"

బావమరిది దెఛ్వాన్ గడ్డిలో కాళ్ళు చాపుకుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. రాతిపనివాడు. పక్కనే ఉలీ సుత్తీ ఉన్నాయి. "ఆ మూడు అక్షరాలూ చెక్కి పారేస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు? పేరే లేకపోతే ఉమ్మేవాడూ ఉండడు."

"పేరు లేకపోతే అది సమాధి ఎలా అవుతుందిరా? బండరాయి అవుతుంది. ఆ మహానుభావుడి పేరు ఇంకెక్కడా లేదు. ఉన్నదల్లా దీని మీదే!"

"మరి నీ మనవరాలి సంగతేమిటి?" ఫ్లాస్కులో టీ తెచ్చిన భార్య సైలియన్ అందుకుంది. "ద్రోహి పిల్లా, ద్రోహి పిల్లా అని బళ్ళో ఏడిపిస్తున్నారని రోజూ కళ్ళు వాచిపోయి వస్తోంది. తమ్ముణ్ణి పిలిపించింది నేనే. ఏడాదిగా కడుగుతున్నావు కదా, బయటివాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి దండం పెట్టాడా?"

"పెడతాడు."

"ఎప్పుడు? నువ్వు కూడా దాని కింద పడుకున్నాకనా?"

గ్వాంగ్‌ఫుకి రోషం వచ్చింది. "సరే! ఇవాళ పొద్దుగూకేలోపు ఒక్కడైనా వచ్చి దండం పెడితే ఆ పేరు జోలికి ఎవరూ రాకూడదు. రాకపోతే నీ తమ్ముడి ఇష్టం."

"మాట మీదుండు మరి."

వచ్చారు, ఎందుకు రారు! బండి దిగడం, ఉమ్మడం, ఫొటో దిగడం. ఒకాయన పిల్లల్ని వరసలో నిలబెట్టి దేశభక్తి గురించి చెప్పి మరీ ఉమ్మించాడు. గ్వాంగ్‌ఫు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పొద్దు కరకట్ట మీదికి వాలింది. దెఛ్వాన్ ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచాడు.

"ఇంక మొదలెట్టనా బావా?"

గ్వాంగ్‌ఫు మొహం తిప్పుకున్నాడు. దెఛ్వాన్ మొదటి అక్షరం మీద ఉలి ఆనించాడు.

అప్పుడే కట్ట మీద ఇంకో కారు ఆగింది. తెల్లటి జుట్టు ముసలాయన ఒకాయన, చేతిలో బుట్టతో మెల్లగా దిగివచ్చాడు.

"రావయ్యా రా, నువ్వే తక్కువయ్యావు. కానియ్," అన్నాడు గ్వాంగ్‌ఫు బొంగురు గొంతుతో.

ముసలాయన ఉమ్మలేదు. జేబులోంచి తన రుమాలు తీసి, పిల్లలు చేసిపోయిన పాడంతా శుభ్రంగా తుడిచాడు. బుట్టలోంచి పచ్చ చేమంతులు, ఆకుపసరు కలిపిన బియ్యప్పిండి ఉండలు తీసి రాతి ముందు పెట్టాడు. మద్యం నేలమీద ధారగా పోశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు. ఎంతకీ లేవలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"చూశావా!" గ్వాంగ్‌ఫుకి లేని గొంతు లేచొచ్చింది. "చూశావా సైలియన్! ఒరేయ్ దెఛ్వాన్, తియ్యరా ఉలి!"

దెఛ్వాన్ ఉలీ సుత్తీ సంచిలో పడేశాడు.

గ్వాంగ్‌ఫు పరుగున వెళ్ళి ముసలాయన్ని లేవనెత్తి, రెండు చేతులూ పట్టుకున్నాడు. అతనికీ ఏడుపొచ్చేసింది. "అయ్యా, మీరెవరో గానీ దేవుడిలా వచ్చారు. ఈయన ఎలాంటివాడో తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారు!"

"తెలియకపోవడమేమిటండీ," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "లోకానికేం, ఎవరో చెప్పింది విని ఉమ్మేస్తారు. నిజం ఎవరిక్కావాలి?"

"అదేనండీ నేనూ మొత్తుకునేది! రండి, మా ఇంట్లో భోంచేసి వెళ్దురుగాని. మిమ్మల్ని ఊరంతటికీ చూపించాలి."

"తప్పకుండా చెప్తానండీ, ఊరంతటికీ చెప్తాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఈయన పేరెత్తడానికే సిగ్గుపడేవారు. నాకేం సిగ్గు?" ముసలాయన ఆ రాతిని ప్రేమగా నిమిరాడు. "లోపల జనం తిండిలేక చస్తుంటే, మా వంశ మూలపురుషుడు కోట తలుపులు తీయక ఏం చేస్తాడు చెప్పండి!"

గ్వాంగ్‌ఫు ఆయన చేతులు వదిలేశాడు. కట్ట మీద పొద్దు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"దెఛ్వాన్," అన్నాడు. "ఆ ఉలి ఇటియ్యి."