పటంలో లేని వాడ

పాత పటంలో ఉన్నట్టే ఊళ్లను తిరిగి కట్టే యంత్రాలు ఆ ఉదయం బుచ్చవ్వ ఇంటి పెంకులను ఒక్కొక్కటే జాగ్రత్తగా దించుతున్నాయి. పటంలో ఆ చోట తంగేడు పొదలే ఉన్నాయి మరి.

"పటం గీసినాయన మా మాదిగవాడకు రాలే బిడ్డా! అంటు అని ఊరికాడనే ఆగిండు," అంటూ బుచ్చవ్వ పనులు చూసే అధికారి ప్రణీత చేతులు పట్టుకుంది.

"సాక్ష్యం ఏమన్నుంటే చూపియ్యవ్వా, పైకి పంపిస్త."

బుచ్చవ్వ గడ్డపారతో ఇంటి నేలను తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కేసరికి, పెద్దలు తోళ్లు నానబెట్టిన రాతి తొట్టి బయటపడింది. ప్రణీత సంబరంగా ఫొటో పంపింది. జవాబు క్షణంలో వచ్చింది. చదివి తల దించుకుంది.

"ఏమన్నరు బిడ్డా?"

"తొట్టి పాతకాలందని దాన్ని కాపాడుతరట అవ్వా. ఇల్లు మాత్రం పటంల లేదని తీసేస్తరట."

బుచ్చవ్వ తొట్టిలోకి దిగి ముడుచుకుని కూర్చుంది.

"గట్లయితే నన్ను గూడ దీంతోనే కాపాడుమను," అంది.

ఆమె నెత్తి మీది చివరి వాసం లేచిపోయింది.